కరెంటు పోయిన నిమిషం

పక్కింటి చాచా పోయారని ఆదోని నుంచి అమ్మ ఫోన్ చేసింది. బెంగళూరులో బస్సెక్కి కూర్చున్నాక ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. చెయ్యని తప్పు మోస్తూనే పోయారాయన.

చాచా ఎమ్మిగనూరు రోడ్డులోని ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. నన్ను కంప్యూటర్ ముట్టుకోనిచ్చిన మొదటి మనిషి ఆయన. యంత్రాలు నిమిషం నిమిషం తమలో రాసుకునే లాగ్‌లను అచ్చు తీసి, చాప మీద పక్కపక్కనే పరిచేవారు. ఫ్యాను గాలికి లేవకుండా మూలల మీద టీ గ్లాసులు పెట్టేవారు.

“ఒక్క లాగ్ సూసి ఎవుర్నీ తిట్టొద్దు బేటీ. ఒక్కో మిషను గడియారం ఒక్కో మాదిరి నడుస్తాది. కరెంటు పోయిన నిమిషం యాడుందో ఎతుకు. అది అందరికీ ఒకేసారి పోతాది. ఆడ కలుపుకో.”

బెంగళూరు కంప్యూటర్ ఉద్యోగంలో ఈరోజు నేను తింటున్న అన్నం ఆ మాటదే.

రెండేళ్ల కింద మిల్లులో దూదిని బేళ్లుగా కట్టే ప్రెస్సు మోటారు కాలిపోయింది. ప్రెస్సు లాగ్‌లో అలారం 11:05, మోటారు కాలింది 11:10. కంప్యూటర్ లాగ్‌లో చాచా ప్రెస్సు ఆపింది 11:25. ఇరవై నిమిషాలు నిద్రపోయాడని మేనేజరు ఉద్యోగం పీకేశాడు. ప్రెస్సు లాగ్‌లో చూపించింది ఆ రెండు వరుసలే. మొత్తం చూపించమని చాచా ఎన్నిసార్లు పోయినా గేటు దగ్గరే ఆపేశారు. కంప్యూటర్ లాగ్ కాగితం మాత్రం ఆయన రేకు పెట్టెలో మిగిలింది.

చాచా పోయిన మూడోరోజు మిల్లు ఫిట్టరు వచ్చి నా చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టాడు. “ప్రెస్సు లాగ్ అంతా ఉందమ్మా. పని పోతాదని ఇన్నాళ్లు బయపడితి.”

అతన్ని నేనింకా క్షమించలేదు. కాగితాలు అచ్చు తీయించి, పెట్టెలోని కంప్యూటర్ లాగ్ పక్కనే చాచా చాప మీద పరిచాను. పరామర్శకని మేనేజరు వచ్చాడు, టీ గ్లాసు అందుకున్నాడు. “మంచోడే పాపం. ఆ పొద్దు కునుకు తీయకుంటే...”

“కరెంటు ఎప్పుడు పోయిందో చదవండి సార్.”

“ఇప్పుడెందుకమ్మా అవన్నీ?”

“చదవండి.”

ప్రెస్సులో 10:40. కంప్యూటర్‌లో 11:00. కంప్యూటర్ గడియారం ఇరవై నిమిషాలు ముందుంది. అంటే అలారం మోగిన నిమిషంలోనే చాచా ప్రెస్సు ఆపారు.

“కంప్యూటర్‌లో ప్రెస్సు ఆపినదాని కింది వరుస?”

అతడు కాగితం పక్కకు జరిపాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఫిట్టరే వచ్చి చదివాడు: “11:27. మళ్లా స్టార్టు. మేనేజరు పాస్‌వర్డు. ఇరవై తీసేస్తే 11:07. మోటారు కాలింది 11:10.”

“మా ఇంటాయన నిద్రపోలేదని సెప్తానే ఉంటి గదప్పా!” లోపల్నుంచి చాచీ గొంతు.

మేనేజరు లేవబోతుంటే గ్లాసులో టీ తొణికింది. ఆ గ్లాసు తీసుకుని 11:27 వరుస మీద పెట్టాను. అతడు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆ కాగితాలను మిల్లు గేటుకు అతికించాను, చాచాను ఆపిన చోటే. షిఫ్టుకు వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగి చూస్తున్నారు. చదవడం రానివాళ్లకు చదవగలిగినవాళ్లు వేలుపెట్టి చూపిస్తున్నారు. 11:27 వరుస చుట్టూ టీ గ్లాసు మరక గుండ్రంగా ఆరిపోయి ఉంది.