నాలుగో రోజు పరీక్ష

విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రత్నమణి పద్నాలుగేళ్లుగా ఈఈజీ తీస్తోంది. రోగి తలకి జిగురు రాసి వైర్లు అంటిస్తే, మెదడులోని కరెంటు కదలిక కంప్యూటర్ తెర మీద గీతలుగా నడుస్తుంది. వాటి అర్థం చెప్పాల్సింది డాక్టరు. చేరిన కొత్తలో ఒక తల్లితో "గీతలు బాగానే ఉన్నాయమ్మా, లేస్తాడు" అనేసింది. ఆ కుర్రాడు లేవలేదు. తల్లి వెళ్లిపోతూ మెట్ల దగ్గర ఆగి రత్నమణి వైపు చూసింది. అప్పటినుంచి ఎవరేమడిగినా "డాక్టరుగారిని అడగండి" అంటూ యంత్రం బండి తోసుకుని వెళ్లిపోయేది.

ఈ ఫిబ్రవరిలో ఒక ఉదయం ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద వల సర్దుతూ నూకాలు కుప్పకూలాడు. యాభై రెండేళ్ల మనిషి. గుండె ఆగిపోయింది. పక్క బోటులో ఉన్న బావమరిది ఉమామహేష్, ఎప్పుడో శిక్షణలో చూపించినట్టే, అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. కరెంటు షాక్ ఇచ్చాక గుండె మళ్లీ కొట్టుకుంది. తెలివి మాత్రం రాలేదు.

మర్నాడు తీసిన ఈఈజీలో గీతలు దాదాపు చదునుగా, మెదడులో కదలికే లేనట్టు వచ్చాయి. ఐసీయూ బయట నూకాలు భార్య పోతమ్మ అడ్డం వచ్చింది.

"ఏటి కనపడిందమ్మా? మా మావ లెగుత్తాడా?"

"డాక్టరుగారు చెబుతారక్కా."

డాక్టర్ కీర్తన పోతమ్మని కూర్చోబెట్టింది. "మేమిచ్చిన నిద్రమందు ఇంకా ఒంట్లో ఉంది. ఇప్పుడే చెబితే తప్పు చెప్పినట్టవుతుంది. మందు ఆపేసి, మూడు రోజులు దాటాక అన్నీ కలిపి చూస్తాం."

"ఇంటికాడ అందరూ ఆశొదులుకోమంతన్నారు."

"వాళ్లకి తెలీదమ్మా. నాకూ ఇంకా తెలీదు."

నాలుగో రోజు ఉదయం మళ్లీ వైర్లు అంటించారు. ఈసారి గీతలు నెమ్మదిగా కదులుతున్నాయి. రోగి చెవి దగ్గర చప్పట్లు కొట్టి, పేరు పెట్టి పిలిచి, గీతలు మారతాయేమో చూడాలి.

"నూకాలుగారూ!" అంది రత్నమణి. మార్పు లేదు. ఆయన్ని 'గారూ' అని ఎవరు పిలిచి ఉంటారు?

"మేడమ్, వాళ్లావిడని పిలవమందామా?"

పక్కనే తెర చూస్తున్న కీర్తన తలూపింది. పోతమ్మ లోపలికొచ్చి, గొట్టాలు చూసి ఒక్క క్షణం తడబడింది. తర్వాత గట్టిగా పిలిచింది.

"ఓ మావా! లెగు! ఎంతసేపు తొంగుంటావు?"

తెర మీద గీతలు ఒక్కసారి చురుగ్గా మారాయి. కాసేపాగి మళ్లీ పిలవమన్నారు. మళ్లీ మారాయి.

"మంచి సూచనే. వెలుగుకి కంటిపాపలూ స్పందిస్తున్నాయి," అంది కీర్తన. "గ్యారంటీ ఇవ్వలేను. ఆశ మాత్రం పెట్టుకోవచ్చు."

ఆరోజు రత్నమణి బండి వెంటనే తోసుకుపోలేదు. బయట బెంచీ మీద పోతమ్మ పక్కన కూర్చుంది. పోతమ్మ ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని కూర్చుంది, అంతే.

ఆరో రోజు నూకాలు కళ్లు తెరిచాడు. గొంతులో గొట్టం తీశాక అన్న మొదటి మాట, "దాహమేత్తంది."

డిశ్చార్జి నాటికి ఆ వారం సంగతులేవీ అతనికి గుర్తులేవు. పేర్లు మరిచిపోతున్నాడు, నాలుగడుగులకే అలిసిపోతున్నాడు. అయినా గేటు దగ్గర మొండికేశాడు.

"ఆటో ఎందుకే? నాను బస్సెక్కలేనేటి?"

"నోరు మూసుకుని ఎక్కు!" అంది పోతమ్మ.

అతను ఎక్కాడు. గుమ్మంలో నిలబడిన రత్నమణి నవ్వాపుకోలేకపోయింది.