కలెక్టరు మొహానికి బొబ్బర మందు

కోతలు మొదలైన వారంలో ఒకరోజు, పాలవాడు కూడా వచ్చి వెళ్లిపోయాడు గానీ మా కలెక్టరు మాత్రం కూయలేదు. కలెక్టరు అంటే మా పుంజు. పొద్దున్నే మిరపకాయలు ఎండబోసిన కల్లంలోకి దిగి, మెడ నిక్కించి, తనిఖీకి వచ్చినట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతాడని మా ఆవిడ ఖాసింబీ పెట్టిన పేరు అది. వాణ్ణి ‘అది’ అంటే ఆమె ఊరుకోదు. గంప ఎత్తి చూశాను. ముడుచుకుని కూర్చున్నాడు. నెత్తిమీది ఎర్రజుట్టు నిండా జొన్నగింజలంత పొక్కులు. ముక్కు పక్కన రెండు, ఎడమ కంటిరెప్ప మీద ఒకటి.

మీరు కంగారుపడకండి, వాడు బతికాడు! ఈ మాట దాచిపెట్టి చెప్పుకురావడం నా వల్ల కాదు. కాకపోతే వాణ్ణి చావు అంచుదాకా తీసుకెళ్లింది జబ్బు కాదు, నేను. అది ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

రోజంతా కాయల్లో తిరుగుతాడు కదా, ఘాటు తగిలి ఉంటుందని మొదట కొబ్బరినూనె రాశాను. మూడోరోజుకు పొక్కులు పెరిగి, నల్లబడి, చెక్కు కట్టాయి. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది, కుడిది సగం. గింజ ఒకచోట ఉంటే వాడు ఇంకోచోట పొడుస్తున్నాడు.

పక్కింటి కోటయ్య గోడ మీదుగా చూసి, “ఏరా సైదులూ, ఇంకా ఏం చూస్తావురా? కోసెయ్, కూరకైనా పనికొస్తుంది” అన్నాడు.

“నీ కూతలకన్నా వాడి కూతే నయం కోటయ్యన్నా” అంది ఖాసింబీ.

ఆమె కోపానికి కారణం ఉంది. పోయినేడు మా చేను మొత్తం బొబ్బర తెగులుకు పోయింది. ఆకులన్నీ ముడుచుకుని, కాయ అన్నది లేదు. ఖాళీ కల్లం చూడలేక ఇద్దరం ఇంట్లోనే కూర్చున్న ఆ రోజుల్లో, ఏమీ జరగనట్టు పొద్దున్నే గొంతు చించుకుని మమ్మల్ని లేపింది వాడొక్కడే. వాణ్ణి పోగొట్టుకోవడం మా వల్ల కాదు.

ఇక నా తెలివి వినండి. మా వైపు మిరపకు ఏ మచ్చ వచ్చినా ఆకు తుంచి, ప్లాస్టిక్ కవరులో వేసి, పురుగుమందుల కొట్లో బల్ల మీద పెడతాం. మాకు డాక్టరైనా ల్యాబైనా ఆ కొట్టే. పాతికేళ్ల అలవాటు ఊరుకుంటుందా? కలెక్టరు జుట్టు మీద చెక్కు ఒకటి పీకాను. రక్తం వచ్చింది. చెక్కును కవరులో వేసి ముడేసి కొట్టుకు పోయాను.

“బొబ్బరలాగుంది” అన్నాను.

కోతల హడావుడి, కొట్టు నిండా జనం. కొట్టతను కవరు ముడి కూడా విప్పకుండా, “పై ముడతా, కింది ముడతా బాబాయ్?” అన్నాడు.

“పైనే” అన్నాను. నెత్తిమీద కదా మరి!

పై ముడత అంటే ఆకు పైకి ముడుచుకోవడం. నాకు తెలియని మాటా అది? ఆ క్షణాన నా బుర్రలో కోడి తప్ప చేను లేదు. అతను ఆ ముడత తెచ్చే తామర పురుగుకు కొట్టే మందు చేతిలో పెట్టాడు. డబ్బా మీద మిరపకాయ బొమ్మ చూసి కూడా, పురుగును చంపేది పొక్కును చంపదా అనుకుని నీళ్లలో కలిపి దూదితో అద్దాను.

గంటలో కలెక్టరు ముక్కు నుంచి సొంగ కారింది. మెడ వాలిపోయింది. ఖాసింబీ పరుగెత్తుకొచ్చి డబ్బా చూసింది. “వాడేమన్నా మొక్కా అయ్యా!” అని అరుస్తూనే సబ్బునీళ్లతో వాడి తల కడిగింది. వాణ్ణి బుట్టలో పెట్టుకుని, డబ్బా కూడా పట్టుకుని బండెక్కింది. పశువుల ఆసుపత్రి చేరేదాకా నేను బండి ఆపలేదు.

డాక్టరమ్మ డబ్బా చదివి, ముందు poisoning కు injection ఇచ్చింది. “డబ్బా తెచ్చి మంచి పని చేశారండి” అంది ఖాసింబీతో. నావైపు చూడలేదు. తరువాత వాడి నోరు తెరిచి టార్చి వేసి చూసింది.

“నోట్లో పసుపు పొర లేదు, అదృష్టం. ఇది fowl pox, కోళ్ల మశూచి. Dry form, పైచర్మానికే వచ్చే రకం. వైరస్ అండి, దోమల వల్ల వస్తుంది. దీన్ని చంపే మందు లేదు. Infection రాకుండా చూసుకుంటే దానంతటదే తగ్గుతుంది.”

“మిరప ఘాటు వల్ల కాదా మేడమ్?”

“కోళ్లకు కారం తెలియదు సైదులు గారూ.”

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మిరపలోనే ఉన్నాను, ఈ సంగతి నాకు తెలియదు! ఆ భయంలో కూడా ఆశ్చర్యంతో నోరు తెరిచాను.

రోజూ saline తో కళ్లు తుడవడం, చెక్కుల మీద పల్చటి povidone iodine, వాడి గంపకు దోమతెర. ఇంట్లో ఉన్న పెట్టలు రెండింటికీ అంటుకోకుండా రెక్కలో vaccine వేయించాం. నూకల జావ చుక్కచుక్కగా ఖాసింబీ పట్టించేది. వారానికి నేను పీకిన చోట చీము పట్టి మళ్లీ డీలా పడ్డాడు. “చెక్కు పీకితే వైరస్ పక్కకు పాకుతుంది, పుండూ అవుతుంది” అని డాక్టరమ్మ ఈసారి నన్నే చూస్తూ చెప్పి antibiotic రాసింది.

మూడోవారంలో చెక్కులు వాటంతటవే రాలడం మొదలైంది. ఒక పొద్దున జావ గిన్నె పట్టుకుని వెళితే రెండు కళ్లూ తెరిచి నన్ను చూస్తున్నాడు! “ఖాసింబీ!” అని నేను పెట్టిన కేకకు కోటయ్య కూడా గోడెక్కాడు. కళ్లు తెరిచిన నాలుగోరోజు కూశాడు. బొంగురు కూత, మధ్యలో తెగిపోయింది, అయినా కూశాడు! ఖాసింబీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నాకేం సిగ్గు?

ఇప్పుడు జుట్టు మీద నేను పీకిన చోట చిన్న నొక్కు తప్ప ఏమీ లేదు. తనిఖీలు మామూలే. మీ కోడి మొహాన పొక్కు కనిపిస్తే పీకకండి, కవరులో కట్టకండి. కోడినే ఎత్తుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒకవేళ నాలాగా ఏదన్నా పూసి ఉంటే ఆ డబ్బా కూడా తీసుకెళ్లండి.

వాడు ఖాసింబీ ఒళ్లో కూర్చుంటాడు, కోటయ్య చేతిలో గింజలూ తింటాడు. నా చేతిలో కవరు గరగరమంటే మాత్రం కల్లం దాటి పరుగే. మా కలెక్టరును చూడాలంటే తప్పకుండా రండి, చేతిలో కవరు మాత్రం తేకండి.