సంతలో తడవకుండా దారి

తొంభైల చివర్లో అరకు దగ్గర ఓ కాలేజీలో లెక్కలు చెబుతూ, పీహెచ్‌డీ అనే జబ్బు తగిలించుకున్నాను. నా అంశం చెబితే నవ్వకండి. ఒక మైదానం మీద గుండ్రటి ముక్కల్ని ఒకదానిమీదొకటి ఎక్కేలా, ఎలాపడితే అలా పడేస్తూ పోతే, ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా దారి ఎప్పుడు ఏర్పడుతుంది? మైదానంలో మూడింట రెండు వంతులు కాస్త దాటి కప్పేస్తే చాలు, ఉన్నట్టుండి దారి కలిసిపోతుంది. అంతకు తగ్గితే తెగిపోతుంది. దీని మీద ఆరేళ్లు కూర్చున్నాను. మా ఆవిడ దీన్ని పని అని ఏనాడూ ఒప్పుకోలేదు.

థీసిస్ అప్పగించడానికి ఆఖరి రోజు శుక్రవారం, సంత రోజు. వైజాగ్ బస్సు సంతకి అవతల ఆగుతుంది. ఒకటే వాన. నా గొడుగు మొదటి గాలికే తిరగబడి చచ్చింది. సంచిలో ఉన్నది ఒకే ఒక్క ప్రతి. సంతలో ఎవరికి తోచిన చోట వాళ్లు టార్పాలిన్లు కట్టారు, ఒకరి అంచు ఇంకొకరి నెత్తిన. గట్టు మీద నిలబడి కంటితో కొలిచాను. మూడింట రెండు వంతులు దాటింది. చదివిన చదువు ఇన్నాళ్లకి అక్కరకొచ్చిందని మురిసిపోతూ దూరిపోయాను.

అల్లం, చీపుర్లు, ఎండుచేపలు దాటాను. ఒక్క చుక్క పడలేదు. అయితే పైన నీళ్లు నిలిచి బరువెక్కితే, సంతలో ఆడవాళ్లు కర్రతో పొడిచి వొంపేస్తారు. పొడిచినప్పుడల్లా అంచులు జారి సందు పడుతుంది. అది నా సమీకరణాల్లో లేదు. బస్సు ఎదురుగా కనిపిస్తుండగా, నా ముందు ఆరడుగుల మేర ఆకాశం తెరుచుకుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

పక్కనే చింతపండు పోసుకుని కూర్చున్న కొండ ముసలమ్మ తలెత్తింది.

"ఏటి మాస్టారూ, అలగ నిలబడిపోనావు?"

"బస్సు వెళ్లిపోతోందమ్మా. ఈ కాగితాలు తడిస్తే నా పని అయిపోయినట్టే."

ఆవిడ లేచి, తన టార్పాలిన్ తాళ్లు రెండూ ఊడదీసి, ఇద్దరి నెత్తిన పట్టుకుంది. "బేగి నడు."

బస్సు మెట్టు దాకా తెచ్చి దింపింది. వెనక్కి చూస్తే చింతపండు వానలో నానుతోంది.

"అయ్యో, నీ సరుకు పోయిందమ్మా."

"సింత మల్లా కాస్తాది. నీ కాయితం కాయదు గదా."

కొన్ని నెలలకి వైవా పెట్టారు. పరీక్షకుడు పేజీలు తిప్పుతూ అడిగాడు. "మీ ముక్కలు ఎక్కడ పడితే అక్కడే ఉంటాయనుకున్నారు. ఏదీ కదలదు కదా?"

"ఏదీ కదలదండీ" అన్నాను, డాక్టరేట్ కోసం, సిగ్గు లేకుండా. ఆయన చేతిలో ఉన్న ఆ కాగితాలు పొడిగా ఉన్నది ఒకటి కదలబట్టే.