నటి ఆత్మకథలో నేను చేసిన చిల్లు

నిన్న గుడివాడ బస్టాండు దగ్గర పాత పుస్తకాల్లో నా చిన్నప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఓ నటి ఆత్మకథ దొరికింది. మీ ఇళ్లలోనూ వారపత్రికలోని సీరియల్ చించి, దారంతో కుట్టి దాచేవారు కదూ? మా పెద్దమ్మ కుట్టేముందు అరుగు మీద అందరికీ చదివి వినిపించేది. సినిమాలైతే కథలే, ఇది మాత్రం నిజంగా జరిగిందని అందరికీ నమ్మకం.

ఒక వారం నోట్‌బుక్ అట్టకి అంటించుకుందామని నటి ఫోటో కత్తిరించాను. వెనకవైపు కథ ఉందని చూసుకోలేదు.

మొగుడి దెబ్బలు పడలేక నటి పుట్టింటికొచ్చేసింది, పెద్దలేమో తిరిగి వెళ్ళమంటున్నారు. అంతవరకూ చదివి పెద్దమ్మ పేజీ తిప్పింది. చిల్లు కనబడగానే నోట్‌బుక్ వీపు వెనక దాచుకున్నాను.

"తర్వాతేం చేసిందండీ?" అంది రత్నం. చిట్లిన పెదవితో పక్కవాటాలోని అన్నగారింటికి వచ్చి నెలయింది. మర్నాడు బందరు నుంచి మొగుడు తీసుకెళ్ళడానికి వస్తున్నాడు.

పెద్దమ్మ చిల్లులోంచి నన్ను చూసింది. తర్వాత రత్నాన్ని చూసింది. తడుముకోకుండా చదివింది.

"నేను వెళ్ళనని చెప్పేశాను. వెళ్ళలేదు."

రత్నం కూడా వెళ్ళలేదు.

నిన్న బస్సులో ఆ పేజీ వెతికి చూశాను. "మర్నాడే ఆయన వెంట రైలెక్కాను" అని ఉంది.