విఠల్ సార్ గవ్వలాట

మా ఆయన విఠల్‌కి రాని లెక్క లేదు. రానిదల్లా ఎదుటి మనిషి చెప్పింది చెవిన పెట్టడం. ఈ సంగతి నాకు పెళ్లయిన పంతొమ్మిదేళ్లుగా తెలుసు. పెర్త్‌లో ఒక హైస్కూలువాళ్లకి తెలియడానికి ఏడు వారాలు పట్టింది.

ఆయనది ఖమ్మం జిల్లా, మధిర పక్క. ఖమ్మంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పద్నాలుగేళ్లు మ్యాథ్స్ లెక్చరర్‌గా చేశారు. సంభావ్యత చెప్పడంలో ఆయన పెట్టింది పేరు. సెక్షన్‌కి తొంభై మంది, మోచేతి దాకా సుద్దపొడి. పాఠం మొదలుపెట్టే ముందు నిర్వచనాన్ని అందరి చేతా ఒకే గొంతుతో చెప్పించేవారు. "సమసంభవ ఘటనలలో, అనుకూల ఘటనల సంఖ్య బై మొత్తం ఘటనల సంఖ్య!" ఆ అరుపులకి పక్క గదిలో కెమిస్ట్రీ సారు పాఠం ఆపుకుని కూర్చునేవారట. ఎవరైనా చెయ్యెత్తితే "డౌట్లు చివర్ల" అనేవారు. చివర్లో బెల్లు కొట్టేది.

నేను నర్సుని. నా వీసా మీదే ఇక్కడికి వచ్చాం. నాకు నెల తిరగకుండా వృద్ధుల కేంద్రంలో ఉద్యోగం దొరికింది. ఆయనకి గోడౌన్‌లో పెట్టెలు సర్దే పని దొరికింది. ఆరేళ్లు సర్దారు. నడుం పట్టేసిన రోజున కూడా పెట్టెల వరసల్లో ప్రస్తారాలూ సంయోగాలూ చెప్పేవారు, వినేవాళ్లు లేక నాకే చెప్పేవారు. చివరికి నలభై రెండేళ్ల వయసులో యూనివర్సిటీలో చేరి టీచర్ కోర్సు చదివారు. కోర్సు చివర పది వారాలు ఒక స్కూల్లో నిజంగా పాఠాలు చెప్పాలి. అక్కడి టీచర్ సరే అంటేనే మళ్లీ టీచర్ అవుతారు. కాదంటే ఇంకో ఏడాది. మనిషి ఆ ఇంకో ఏడాది తట్టుకోలేడని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో మా ఇంటి నుంచి ఆ స్కూలుకి కారులో పది నిమిషాలు. ఆయన్ని చూసుకునే టీచర్ పేరు హెలెన్. ఎనిమిదో తరగతికి సంభావ్యత చెప్పమంది. మా ఆయన ఆ సాయంత్రం ఇంటికి ఎంత హుషారుగా వచ్చారో, మరునాడు అంత నీరుగారిపోయి వచ్చారు. కారణం ఏమిటంటే, ఇక్కడ ఆ పాఠం బోర్డు మీద చెప్పరట. పిల్లలు ఒక్కొక్కరూ కంప్యూటర్‌లో చిన్న ఆట తయారు చేస్తారట. ఆటలో ఏది ఎన్నిసార్లు జరగాలో వాళ్లే నిర్ణయించి, కోడ్‌లో పెట్టి, ఆడి చూసి, లెక్క సరిపోయిందో లేదో తేల్చుకుంటారట. ఒకడు సీగల్ అనే సముద్రపు పక్షి వచ్చి మన చేతిలో చిప్స్ ఎత్తుకుపోయే ఆట చేస్తున్నాడు. ఎన్నిసార్లకి ఒకసారి ఎత్తుకుపోవాలన్నదే వాడి సంభావ్యత.

"ఇదేం చదువు లక్ష్మీ? నిర్వచనం రాదు, సూత్రం రాదు. కాకులూ కొంగలూ!"

"కాకి కాదండీ, సీగల్."

"ఏదో ఒకటి!"

ఆయనకి కోడింగ్ రాదు. తెర మీద ఆజ్ఞలున్న బొమ్మల దిమ్మెలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఆట చేయడం నేర్చుకోవడానికి డైనింగ్ టేబుల్ దగ్గర రెండు వారాలు కుస్తీ పట్టారు. ఒక దిమ్మె అతుక్కోకపోతే కంప్యూటర్‌ని తిట్టేవారు, అన్నం తినమంటే నన్ను తిట్టేవారు. వార్డులో ఎనిమిది గంటలు నిలబడి వచ్చి నేను ఆ తిట్లు తినాలి. నాకు ఒళ్లు మండేది.

క్లాసులో మాదిరిగా చూపించడానికి టీచర్ కూడా ఒక ఆట చేయాలి. అష్టాచెమ్మా చేయమని నేనే అన్నాను. నాలుగు గవ్వలు వేస్తాం. ఎన్ని గవ్వలు నోరు పైకి పెట్టి వెల్లకిలా పడితే అన్ని గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. చమ్మో అష్టో పడితే గానీ కాయ గళ్లలోకి దిగదు. ఆయన ఎన్నడూ ఎవరి సలహా తీసుకోరు కదా, రెండు రోజుల తర్వాత తనకే తోచినట్టు "అష్టాచెమ్మా చేస్తున్న" అని ప్రకటించారు. సరే అన్నాను.

ఆదివారం పొద్దున ఆట తయారైంది. నన్ను కూర్చోబెట్టి ఆడమన్నారు. పది నిమిషాలు ఆడాను.

"ఇదేందండీ, ఇన్ని అష్టలు పడుతున్నయి?"

"పడితే నీకే మంచిది గదా. ఆడు."

"కాదండీ. మా చిన్నప్పుడు కాయ దింపనీకే ఎన్నిసార్లు ఎయ్యాల్సొచ్చేదో. ఇందుల రెండు మూడు సార్లకే చమ్మో అష్టో పడుతున్నది."

"కంప్యూటర్ ర్యాండమ్‌గ ఇస్తది. ర్యాండమ్ అంటే ర్యాండమే. నీకు అర్థం కాదు."

నేను లేచి బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లిపోయాను. మధ్యాహ్నం ఆయనే వచ్చి, "ఒక చిన్న కరెక్షన్ చేసిన" అన్నారు. ఏమిటా అంటే, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది అని అయిదు అంకెలు రాసి, అందులోంచి ఏదో ఒకటి తియ్యమని కంప్యూటర్‌కి చెప్పారట. అయిదింటికీ సమాన వాటా ఇచ్చేశారన్నమాట. "నాలుగు నాణెములను ఎగురవేసినప్పుడు" అని వేలసార్లు బోర్డు మీద రాసిన మనిషి! నాలుగు గవ్వలు వేసినా అదే లెక్క అని తోచలేదు. ఆట వేరు, లెక్క వేరు ఆయనకి. ఇప్పుడు ఒక్కో గవ్వనీ విడిగా వేయించారు. మొత్తం పదహారు రకాలుగా పడొచ్చు, అందులో చమ్మ ఒక్క రకం, అష్ట ఒక్క రకం అని నాకు వేళ్లు మడిచి మరీ వివరించారు. తప్పు ఎవరు పట్టుకున్నారన్న ప్రస్తావనే లేదు.

మళ్లీ ఆడాను. "ఇప్పుడు నయమే గని, చమ్మ ఇంకా ఎక్కువే పడుతున్నదండీ. నిజం గవ్వలతోటి అష్ట పడ్డంత తేలిగ్గ చమ్మ పడదు. చమ్మ కోసం ఏడ్చేటోళ్లం."

"రెండూ పదహారింట్ల ఒకటే. గవ్వకు రెండే పక్కలు. సగం, సగం."

"మీరెప్పుడన్న ఆడిండ్రా?"

"ఆడాల్సిన పని లేదు."

అది నిజం. ఆడపిల్లల ఆట అని చిన్నప్పుడు దాని జోలికే పోలేదట. పద్నాలుగేళ్లు సంభావ్యత చెప్పిన మనిషి చేత్తో ఒక్కసారీ గవ్వ వేయలేదు. నాకు ఆ మధ్యాహ్నం కంచం విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు. పైగా గురువారం క్లాసులో పిల్లల చేత వేయిస్తానంటే నా గవ్వల డబ్బాలోంచి ఇరవై ఎనిమిది గవ్వలు లెక్కపెట్టి ఇచ్చాను. ఆ క్లాసుకి హెలెన్ వెనక కూర్చుని రిపోర్టు రాస్తుంది.

గురువారం సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండానే గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. నాలుగున్నరకి భానుశ్రీ వచ్చింది. రెండిళ్ల అవతల అమ్మాయి, ఆ ఎనిమిదో తరగతిలోనే చదువుతోంది. వాళ్ల అమ్మకి సాయంత్రం డ్యూటీ ఉన్న రోజున మా ఇంట్లో ఉంటుంది. స్కూల్లో ఆయన్ని "మిస్టర్ వి" అనీ, ఇంట్లో "అంకుల్" అనీ పిలుస్తుంది.

"ఆంటీ, ఇట్ వాజ్ సో బ్యాడ్," అంది గుసగుసగా. మిగతాది కూడా ఇంగ్లీషులోనే చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను.

క్లాసులో ఇరవై ఎనిమిది మందినీ ఏడు గుంపులు చేసి, గుంపుకి నాలుగు గవ్వలిచ్చి, నలభైసార్లు వేయమన్నారట. మొత్తం రెండు వందల ఎనభై. చమ్మ పదిహేడో పద్దెనిమిదో రావాలి, అష్ట కూడా అంతే రావాలి అని ముందే బోర్డు మీద రాసి గీత గీశారట. లెక్క తేలాక చూస్తే చమ్మ ఏడు, అష్ట ముప్పై ఎనిమిది. భానుశ్రీ చెయ్యెత్తి, "మీ ఆటలో రెండూ సమానంగా వస్తున్నాయి, గవ్వలకి రావడం లేదు, ఎందుకు?" అని అడిగిందట. మీరు సరిగా వేయలేదన్నారట. సీగల్ పిల్లవాడు, గవ్వ ఒక పక్క గుండ్రంగా ఉంది, ఒక పక్క బల్లపరుపుగా ఉంది కదా అన్నాడట. అది అనవసరం అన్నారట. తర్వాత ఒక గుంపు దగ్గర గవ్వలు లాక్కుని, క్లాసుకి వీపు తిప్పి, ఆయనే వేయడం మొదలుపెట్టారట. వేస్తూనే ఉన్నారట. పిల్లలు మాట్లాడుకోవడం మానేశారట. బెల్లు కొట్టాక కూడా ఇంకో రెండుసార్లు వేశారట.

"హీ వాజ్ లైక్, రియల్లీ సాడ్, ఆంటీ," అంది. నేను ఆ పిల్ల ముందు పాలు పెట్టి సింకు వైపు తిరిగిపోయాను.

శుక్రవారం రిపోర్టు వచ్చింది. మిగిలిన మూడు వారాలూ చూస్తామని, అప్పుడు కూడా కుదరకపోతే వచ్చే ఏడాది చూద్దామని. కింద హెలెన్ ఒక వాక్యం రాసింది. విఠల్‌కి జవాబులన్నీ వచ్చు, పిల్లలు అడిగేది ఆయనకి వినబడుతోందో లేదో నాకింకా తెలియలేదు, అని.

నేను ఇన్నేళ్లుగా చెబుతున్న మాటే. అయినా రాసింది పరాయి మనిషి. ఆరేళ్లు పెట్టెలు మోసిన మనిషిని ఒక్క గంట చూసి అంత మాట రాస్తుందా అనిపించింది. ఒక్క గంట కాదు, ఏడు వారాలు చూసిందని ఆ వెంటనే గుర్తొచ్చింది. ఇద్దరి మీదా కోపం వచ్చింది.

"పిల్లలకు ఎయ్యరాలేదు," అన్నారు ఆయన.

"ఇరవై ఎనిమిది మందికీ రాలేదా?"

ఆయన రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. ఆ పూట అన్నం తినలేదు.

శనివారం పొద్దున గ్యారేజీలో గలగలమని చప్పుడు. తలుపు సందులోంచి చూశాను. చాప వేసుకుని, ఇరవై ఎనిమిది గవ్వలూ రెండు చేతుల్లో పట్టి వేస్తున్నారు. వెల్లకిలా పడ్డవి లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటున్నారు. మళ్లీ వేస్తున్నారు. టీ తీసుకెళ్లి పక్కన పెట్టాను. తలెత్తలేదు. మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు పుస్తకం తెరిచి చూశాను. యాభైసార్లు వేశారు. పద్నాలుగు వందల గవ్వల్లో వెల్లకిలా పడ్డవి అయిదు వందల అరవై రెండు. అంటే వందకి నలభై. సగం కాదు.

కింద నిర్వచనం రాసుకున్నారు, పద్నాలుగేళ్లు అరిపించిన అదే వాక్యం. "సమసంభవ" అన్న మాట చుట్టూ సున్నా చుట్టి ఉంది. గవ్వ రెండు పక్కలకీ సమానంగా పడినప్పుడే ఆ లెక్క పనికొస్తుందని ఆ మాటే చెబుతోంది. రోజూ మొదట పలికించిన మాటే అది.

స్నానం చేసి వచ్చి చెబుతారని చూశాను. "టీ చల్లారింది, ఇంకోటి పెట్టు," అన్నారు. పెట్టాను. పళ్లు కొరుక్కుంటూ పెట్టాను.

మంగళవారం భానుశ్రీ మళ్లీ వచ్చింది. ఈసారి గెంతుతూ వచ్చింది. మిస్టర్ వి బోర్డు మీద పాత లెక్కని కొట్టేసి, తాను తప్పు చేశానన్నారట. కోడ్‌లో సగం అని ఉన్న చోట ఖాళీ పెట్టి, "ఇక్కడ ఏం పెట్టాలి? మీరు చెప్పండి, నేను వింటాను," అని కుర్చీలో కూర్చున్నారట. ఒకరు వందకి ముప్పై అయిదు అంటే ఒకరు నలభై అన్నారట, ఒక్కొక్కరి చేతా కొత్తగా వేయించి చూశారట. సీగల్ పిల్లవాడు కాగితం మీద గవ్వ బొమ్మ వేసి చూపిస్తే అయిదు నిమిషాలు విన్నారట.

"అండ్ ఆంటీ, యూ నో వాట్ హి సెడ్? 'మై వైఫ్ టోల్డ్ మీ బిఫోర్. ఐ డిడ్ నాట్ లిసన్ టు హర్.' ఇన్ ఫ్రంట్ ఆఫ్ ఎవ్రీవన్!"

నాకు గుండె నిండింది. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం పప్పులో ఉప్పు వేశానో లేదో కూడా తెలియదు. ఇవాళ చెబుతారు అనుకున్నాను. చెప్పలేదు. మరునాడు చెబుతారు అనుకున్నాను. సీగల్ పిల్లవాడు ఎంత తెలివైనవాడో చెప్పారు. హెలెన్ ఏమందో చెప్పారు. ఆ మాట ఒక్కటీ తప్ప అన్నీ చెప్పారు. అలా ఆ మూడు వారాలూ గడిచాయి. గుండె నిండినది కాస్తా మెల్లగా మళ్లీ మంటగా మారింది. ఇరవై ఎనిమిది మంది పరాయి పిల్లలకి చెప్పగలిగిన మాట, వాళ్లకి అర్థమయ్యే భాషలో చెప్పగలిగిన మాట, నాకు చెప్పడానికి ఏమొచ్చింది?

మూడో శుక్రవారం మధ్యాహ్నం ఆయన కారు ఆపకుండానే హారన్ కొట్టారు. పాసయ్యారు. కాగితం నా చేతిలో పెట్టారు. హెలెన్ సంతకం, స్కూలు ముద్ర. పిల్లలు అడిగేది ఇప్పుడు వింటున్నారని రాసింది. ఆయన కళ్లలో నీళ్లు. నాకూ వచ్చాయి. చదివి, మడిచి, టేబుల్ మీద పెట్టాను.

"సంతోషంగ లేదా లక్ష్మీ?"

"ఉందండీ. మీరు నాతోటి ఒక మాట చెప్పాల్సి ఉంది."

"ఏం మాట?"

"నేను ముందే చెప్పిన్నని, మీరు వినలేదని."

ఆయన ముఖం ఎర్రబడింది. కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"క్లాసుల చెప్పిన గదా," అన్నారు.

"ఆ క్లాసుల నేను లేనండీ."

ఆయన తాళాలు టేబుల్ మీద పెట్టి, కుర్చీ లాక్కుని, నా ఎదురుగా కూర్చున్నారు.