పేరు కత్తిరించిన పసుపు మాత్రలు

ఆ ఆదివారం ఉదయం బాత్రూంలోకి వెళ్తే కమోడ్‌లో నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. మా ఆయన ఫ్లష్ చేయడం మరిచిపోయారు. చూడగానే నాకు భయం వేయాల్సింది. అసహ్యం వేసింది. ముక్కు మూసుకుని ఫ్లష్ నొక్కేశాను.

"ఏమండీ, ఆ రంగేంటి?" అని అడిగితే, రైలింగ్ పట్టుకుని పక్కవాటుగా మెట్లు దిగుతూ, "నిన్న నీళ్లు తక్కువ తాగానులే. ఐయామ్ గ్రాండ్," అన్నారు. పదకొండేళ్లు ఐర్లండ్‌లో ఉండి ఆయన బాగా వంటబట్టించుకున్న మాట అదొక్కటే. నడవలేకపోయినా గ్రాండే, ఒళ్లు కాలిపోతున్నా గ్రాండే.

మేం ఉండేది డబ్లిన్ శివార్లలోని క్లాండాల్కిన్‌లో. మా ఆయన శ్రీధర్ లెపర్డ్స్‌టౌన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి వెళ్తారు. నేను మందుల ఫ్యాక్టరీలో, క్వాలిటీ ల్యాబ్‌లో అనలిస్టుని. నా ఉద్యోగం సంగతి గుర్తుపెట్టుకోండి. నేను తలదించుకోవాల్సిన చోటు ముందుంది.

నలభై దాటాక ఆయనకి ట్రయాథ్లాన్ పిచ్చి పట్టింది. ఒకే రోజు దాదాపు నాలుగు కిలోమీటర్లు ఈదాలి, నూట ఎనభై కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, దిగి మారథాన్ పరుగెత్తాలి. ఏడాదికి ఒకటి చేస్తేనే మనిషి సగమై ఇంటికొస్తాడు. ఈయన పదిహేను రోజుల తేడాలో రెండు పెట్టుకున్నారు. ఎందుకయ్యా అంటే, వాళ్ల తెలుగు వాట్సాప్ గ్రూపులో అలా చేసినవాళ్లు ఇంకా ఎవరూ లేరట. అంతే, ఇంకే కారణమూ లేదు.

ఆ ఏడాదంతా మా ఇల్లు కంపు కొట్టింది. షవర్‌లో వేలాడే వెట్‌సూట్‌లో చెరువు బురద వాసన ఒకటే కాదు, ఈదేటప్పుడు అందులోనే పోసుకుంటారని తర్వాత తెలిసింది. జేబుల్లో సగం పిండిన ఎనర్జీ జెల్ ప్యాకెట్లు మరిచిపోయేవారు. వాషింగ్ మెషిన్‌లో నా డ్యూటీ బట్టలకి కూడా అది చీమిడిలా అంటుకునేది. మా పన్నెండేళ్ల అమ్మాయి "డాడ్, దట్స్ రాటన్," అని కంచం తీసుకుని హాల్లోకి పోయేది.

ఇక డబ్బా సంగతి. మా వంటింట్లో పై అలమరలో ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంటుంది. మీలో చాలామంది ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. తెనాలిలో మా తమ్ముడికి మందుల షాపు. వెళ్లినప్పుడల్లా జ్వరానికి, జలుబుకి, నొప్పులకి స్ట్రిప్పులు కట్టిస్తాడు. డబ్బాలో ఇమడవని నేనే కత్తెర తీసుకుని నాలుగేసి మాత్రల ముక్కలు చేస్తాను. పేరు ఏ ముక్కలో పోయిందో, ఎక్స్‌పైరీ ఏ ముక్కలో పోయిందో చూసుకోను. మా ఇంట్లో మందులకి రంగులే పేర్లు. తెల్లది జ్వరానికి, గులాబీది కడుపుకి, పసుపుది నొప్పులకి. ఆయన మోకాలు అన్నప్పుడల్లా పసుపుది అందించింది నేనే. పోటీ రోజు పొద్దున ఒకటి, సైకిలు మీద ఒకటి, పరుగులో ఒకటి మింగేవారు.

ఆ డికాషన్ రంగు చూసింది మొదటి పోటీ మర్నాడే. సోమవారం జీపీకి, అంటే మా ఏరియా డాక్టరుకి, ఫోన్ చేస్తే గురువారం రమ్మన్నారు. బుధవారానికి రంగు మామూలైంది. "ఇప్పుడెళ్తే రెండోది మానెయ్యమంటాడు," అని ఆయన అపాయింట్‌మెంట్ రద్దు చేసుకున్నారు. నేను రెండు మాటలు తిట్టి ఊరుకున్నాను. గట్టిగా పట్టుబట్టనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

రెండో పోటీ దక్షిణాన సముద్రం ఒడ్డున. పొద్దుటి నుంచీ వాన. గొడుగు పట్టుకుని నిలబడితే, గీత దాటి వచ్చి నా చెప్పుల మీద వాంతి చేసుకున్నారు. తియ్యటి జెల్ వాసన, ఉప్పు నీళ్ల వాసన కలిసి గుప్పుమంది. మూతి కూడా తుడుచుకోకుండా, "టైమ్ ఎంతయింది?" అన్నారు. ఈ మనిషినేనా నేను చేసుకున్నది అనిపించింది.

మర్నాడు డబ్లిన్‌కి బయల్దేరాం. తొడలు రాళ్లలా బిగుసుకుపోయి, కారెక్కడానికి ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సి వచ్చింది. దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆపితే, లోపలికి వెళ్లొచ్చి, "సునీతా, నిన్నటి నుంచీ రాలేదు. ఇప్పుడు చెంచాడు వచ్చింది. నల్లగా ఉంది," అన్నారు. గ్రాండ్ అనలేదు. పోర్ట్‌లీష్ దగ్గర్లో ఉన్నాం. కారు నేరుగా అక్కడి ఆసుపత్రికి తిప్పాను.

నర్సు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, "ఎనీ మెడికేషన్స్?" ఆయన "నో" అన్నారు. ఆమె నా వైపు తిరిగి, "ఎనీథింగ్ అట్ ఆల్?" అంది. నేనూ "నో" అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. బీపీకో షుగరుకో డాక్టరు రాసిచ్చేది మందు. ఇంటి డబ్బాలోది కూడా మందేనని ఆ క్షణాన నాకు తట్టలేదు.

రిపోర్టులు వచ్చాక ఒక లేడీ డాక్టరు మంచం పక్కన కూర్చుని చెప్పారు. "రాబ్డోమయోలిసిస్ అంటారు. కండరాలు చితికిపోయి రక్తంలో కలుస్తున్నాయి. ఆ చెత్త కిడ్నీలకి అడ్డం పడుతోంది." కండరాల దెబ్బని కొలిచే సీకే వందల్లో ఉండాల్సింది ఎనభై వేలు దాటిందట. మొదటి పోటీకే కండరాలు దెబ్బతిని ఉంటాయి, మానకముందే రెండోది చేశారన్నారు. "సెలైన్ బాగా ఎక్కిస్తాం. చాలామందికి దాంతోనే సర్దుకుంటుంది," అని ధైర్యం చెప్పి వెళ్లారు.

రెండో రోజు నొప్పులు భరించలేకపోయారు. నర్సు వేళకి పారాసిటమాల్ ఇస్తోంది. "ఇది నాకు ఏ మూలకీ చాలట్లేదు. బ్యాగులో పసుపువి ఉన్నాయి, ఒకటియ్యవా," అని బతిమాలారు. ఇచ్చాను. ఆ మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, మర్నాడు పొద్దున ఒకటి. ప్రతిసారీ కర్టెన్ లాగి మరీ ఇచ్చాను. కర్టెన్ లాగానంటే తప్పని నాకు లోపలెక్కడో తెలిసే ఉండాలి.

మూడో రోజు పెద్ద డాక్టరు వచ్చారు. చేతిలో కాగితం రెండుసార్లు చూశారు. "సీకే తగ్గుతోంది. కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ మాత్రం పెరుగుతోంది, పొటాషియం కూడా. ఇట్ డజంట్ యాడ్ అప్," అన్నారు. ఇలాగే ఉంటే డబ్లిన్ పంపి డయాలసిస్ పెట్టించాలన్నారు. ఆ తర్వాత మా ఇద్దరినీ చూస్తూ నెమ్మదిగా అడిగారు. "నొప్పుల మాత్రలు ఏమైనా? షాపులో కొన్నవి? మీ దేశం నుంచి తెచ్చుకున్నవి?"

మా ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. నేను బ్యాగులోంచి ముక్క తీసి డాక్టరుగారి చేతిలో పెట్టాను. నాలుగింటిలో ఒకటే మిగిలింది.

"వాట్ ఈజ్ ఇట్?" అని ముక్క తిప్పి చూశారు. వెనక రేకు మీద సగం అక్షరం తప్ప ఏమీ లేదు. పసుపుది అనే మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడే తెనాలికి వీడియో కాల్ చేశాను. తమ్ముడు చూడగానే, "డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిందక్కా. కిడ్నీకి దెబ్బ తగిలినోళ్లకి అస్సలు ఇయ్యకూడదు. బావకి ఎన్నేశావే?" అన్నాడు. ఆ ప్రశ్నని డాక్టరుగారికి ఇంగ్లీషులో నేనే చెప్పి, జవాబూ నేనే చెప్పాను. రెండు పోటీల్లో వేసుకున్నవి కూడా లెక్కపెట్టి చెప్పాను.

"మీరు ఏం పనిచేస్తారు?" అని అడిగారు. చెప్పాను. డాక్టరుగారు అదీ ఫైల్లో రాసుకున్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. మా ల్యాబ్‌లో లేబుల్ చిరిగిన సీసా కనబడితే నేను పక్కన పెట్టి, దాని కథ తేలేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వను. అదే చేతులతో పేరు లేని మాత్ర కట్టుకున్నవాడి నోట్లో వేశాను. ఆ రోజు నా మీద నాకు కలిగినంత రోత ఆయన వెట్‌సూట్ మీద కూడా ఎప్పుడూ కలగలేదు.

అదే రోజు అంబులెన్స్‌లో డబ్లిన్ తీసుకొచ్చారు. మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ మొదలుపెట్టారు. మొదటిసారి బీపీ పడిపోయి, వణికిపోయి, పక్కంతా వాంతి చేసుకున్నారు. మొహం, చేతులు ఉబ్బి ఉంగరం వేలికి బిగుసుకుపోతే కత్తిరించి తీశారు. కిడ్నీలు తిరిగి పనిచేస్తాయా అంటే, "చేయొచ్చు. మాట మాత్రం ఇవ్వలేం," అన్నారు.

ఆ వారంలోనే వాట్సాప్ గ్రూపులోంచి ప్రవీణ్ అనే కుర్రాడు చూడటానికి వచ్చాడు. ఆయన మరిచిపోయి వచ్చిన మెడల్ తెచ్చి సెలైన్ స్టాండుకి తగిలించాడు. "వదినా, ఒక్క ఫొటో. గ్రూపులో అందరూ అడుగుతున్నారు. అన్న లెజెండ్ అంటున్నారు," అన్నాడు. నేను లేచి ఆ మెడల్ తీసి, వాంతి గిన్నెలు పడేసే బిన్ను పెడల్ తొక్కి అందులో వేశాను. "ఇప్పుడు తియ్యి నాయనా, మూత తెరిచే పట్టుకుంటాను," అన్నాను. పాపం, పళ్లు కూడా బల్ల మీద పెట్టకుండా వెళ్లిపోయాడు. మా ఆయన కళ్లు మూసుకుని నిద్ర నటించారు.

నాలుగు డయాలసిస్‌ల తర్వాత, తొమ్మిదో రోజు, మంచం పక్కన వేలాడే మూత్రం సంచిలో కొంచెం కదలిక కనిపించింది. నలభై మిల్లీలీటర్లు. మర్నాడు మూడువందలు. లేత పసుపు రంగు. కమోడ్ చూసి ముక్కు మూసుకున్న నేను ఆ సంచి ముందు మోకాళ్ల మీద కూర్చుని చుక్కచుక్కా చూశాను. కళ్లనీళ్లు ఆగలేదు.

ఇదంతా జరిగి పది నెలలైంది. డయాలసిస్ అక్కర్లేకుండా ఉన్నారు. క్రియాటినిన్ మాత్రం పూర్తిగా దిగలేదు, దిగదని కూడా చెప్పారు. పారాసిటమాల్ తప్ప నొప్పి మాత్రలు ఇక జన్మలో ముట్టకూడదు. రోజూ కాలువ గట్టున గంటసేపు నడుస్తారు. మొన్న "చిన్నది, స్ప్రింట్ అంటారు, అదైతే పర్లేదేమో," అని గొణిగారు. ఉంగరం ముక్కలు రెండూ తెచ్చి ఆయన టీ కప్పు పక్కన పెట్టాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

రేకు డబ్బా మొత్తం తీసుకెళ్లి ఫార్మసీలో అప్పజెప్పాను. కౌంటర్‌లో అమ్మాయి ఒక్కో ముక్క చూసి ఇదేంటి, ఇదేంటి అని అడుగుతుంటే సగానికి పైగా వాటికి రంగు తప్ప పేరు చెప్పలేకపోయాను.

మీకు నేను చెప్పగలిగింది ఒకటే. ఏం మందులు వాడుతున్నారని ఆసుపత్రిలో అడిగితే, ఇంటి నుంచి తెచ్చుకున్నవన్నీ వాళ్ల ముందు పెట్టండి. పెట్టాలంటే వాటికి పేరుండాలి, కాబట్టి స్ట్రిప్పు కత్తిరించకండి.

పోయిన వారం కిడ్నీ క్లినిక్‌కి వెళ్లాం. నర్సు అదే ప్రశ్న అడిగింది. డాక్టర్లు రాసిచ్చినవి చెప్పాక, "ఎనీథింగ్ ఎల్స్?" అంది. మా ఆయన అలవాటుగా "నో," అనేశారు. నేను అడ్డుపడి, మొన్న సాయంత్రం తలనొప్పికి ఒక పారాసిటమాల్ వేసుకున్నారని చెప్పాను. ఆమె నవ్వి, "ఆ ఒక్కటీ రాయక్కర్లేదు లెండి," అంది.

రాయమన్నాను. ఆమె రాసేదాకా కుర్చీలోంచి లేవలేదు.