చెప్పులు విడిచే చోటు

మా వీధి చివరింటి రెబెక్కమ్మ గారికి మనుషుల పేర్లు గుర్తుండవు. చర్చిలో పాటలన్నీ పుస్తకం చూడకుండా పాడుతుంది గానీ, చిల్లకూరులో డాక్టర్ హరినాథ్ గారి క్లినిక్‌కు వచ్చేవాళ్లను మాత్రం షుగరు అంకెలతోనే పిలిచేది. ఇరవై ఏళ్లుగా అక్కడ ఆమె నర్సు. హజరత్తయ్య ఆమెకు ఎప్పుడూ "మూడొందల పెద్దాయన".

ఆయన రొయ్యల గుంటల దగ్గర కాపలా మనిషి. నెలనెలా వచ్చి, వేలు చాచి రక్తం ఇచ్చి, మాత్రలు తీసుకుని వెళ్లేవాడు. ఒక వేసవిలో ఎడమ పాదంలో సీమతుమ్మ ముల్లు దిగింది. షుగరు వల్ల పాదాలు మొద్దుబారి ఉండడంతో ఆయనకు నొప్పి తెలియలేదు. తెలిసేనాటికి పుండు ఎముక దాకా పోయింది. నెల్లూరు ఆసుపత్రిలో ఆ కాలు మోకాలి కింద తీసేశారు.

ఆ కబురు విన్న రోజు డాక్టరు గారు భోజనానికి లేవలేదు.

"మందులు సరిగ్గానే ఇస్తున్నాం రెబెక్కమ్మా. షుగరు సరిగ్గానే చూస్తున్నాం. ఇన్నాళ్లలో ఎంతమంది పాదాలు చూసినాం?"

వెనక్కి వెళ్లి లెక్క చూసుకుంటే నూటికి పది మందివి కూడా లేవు. ఇక షుగరు ఉన్న ప్రతి మనిషి పాదాలూ చూడాలని, మూడు నెలలకు మళ్లీ లెక్క తీయాలని ఇద్దరూ అనుకున్నారు. డాక్టరు గారి కుర్చీకి ఎదురుగా, కాళ్లు పెట్టుకోవడానికి ఒక స్టూలు వేశారు.

కొద్ది రోజులకు హజరత్తయ్య చంకకర్రల మీద వచ్చాడు. వెంట భార్య మాలకొండమ్మ.

"కాలు స్టూలు మీద పెట్టు పెద్దాయనా," అంది రెబెక్కమ్మ.

"ఉన్నదే ఒక్క కాలు. దాన్ని తెచ్చి డాక్టరయ్య మొహానికి చాపమంటావా తల్లీ? ఇది గూడా ఊడిపోతాది."

డాక్టరు గారే వంగి పట్టుకోబోతే, ఆయన పాదాన్ని గబుక్కున కుర్చీ కిందికి లాక్కున్నాడు. మాలకొండమ్మ లెంపలేసుకుంది. "మీరు మా ఆయన కాలు పట్టుకునేదేంది సామీ! మాకు పాపం చుట్టుకోదా?"

అందరిదీ అదే వరస. మడి నుంచి నేరుగా వచ్చినవాళ్లు బురద పాదాలను బెంచీ కింద దాచేవాళ్లు. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు కిందికి లాక్కునేవాళ్లు. మూడు నెలల తర్వాత లెక్క తీస్తే పెద్దగా తేడా లేదు.

"వాళ్లకే ఇష్టం లేకపోతే ఏం చేస్తాం? ఆ స్టూలు తీసేయమ్మా," అన్నారు డాక్టరు గారు నీరసంగా.

రెబెక్కమ్మ స్టూలు తెచ్చి వరండాలో, అందరూ చెప్పులు విడిచే చోట పడేసింది. పడేసిందే గానీ ఆమెకు మనసు మనసులో లేదు. ఇప్పుడు హజరత్తయ్య బరువంతా కుడికాలి మీదే. అందులోనూ ముల్లు దిగితే?

మరునాడు ఆయన వచ్చాడు. స్టూలు కనబడగానే ఎవరూ చెప్పకుండానే కూలబడి, కుడికాలు బారుగా చాపాడు. "ఈ చెప్పు లాగు మే," అన్నాడు భార్యతో. అరికాలు మొత్తం రెబెక్కమ్మ కళ్లెదుట ఉంది. ఆయన ముఖంలో బెరుకే లేదు.

రెబెక్కమ్మ దగ్గరికొచ్చి ఆ పాదం ముందు వంగింది.

"పెద్దాయనా, ఇక్కడ నేను చూస్తే పాపం లేదా?"

"చెప్పులిడిసే కాడ కాలు చాపక తలకాయ చాపతారా?"

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి, నేల మీద కూర్చుని పాదం కడిగింది. మడమ దగ్గర ఒక నల్లటి చుక్క. వేలితో నొక్కి, "నొప్పిగా ఉండాదా?" అని అడిగింది.

"నువ్వు పట్టుకున్నావా అసలు?"

మాలకొండమ్మ ముఖం పాలిపోయింది. రెబెక్కమ్మ కేకకు డాక్టరు గారు బయటికి వచ్చి మెట్టు మీదే కూర్చున్నారు. ఈసారి హజరత్తయ్య కాలు వెనక్కి లాక్కోలేదు. అదే సీమతుమ్మ ముల్లు. ఇంకా చీము పట్టలేదు. ముల్లు తీసి కట్టు కట్టి, మానేదాకా గుంటల వైపు పోవద్దన్నారు.

ఆ వారంలోనే వరండాకు బల్ల, బకెట్టు, తువ్వాలు వచ్చాయి. పాదానికి స్పర్శ తెలుస్తోందో లేదో చూడటానికి డాక్టరు గారు సన్నటి నైలాన్ పోగు ఒకటి తెప్పించారు. రెబెక్కమ్మ దాన్ని అరికాలికి తాకిస్తుంటే, "గాలమేస్తన్నావా రెబెక్కమ్మా? ఏ చేప పడింది?" అని జనం నవ్వేవాళ్లు. నవ్వుతూనే రెండో కాలూ చాచేవాళ్లు. మూడో లెక్కలో దాదాపు అందరి పాదాలూ చూసినట్టు తేలింది. తప్పించుకున్న కొద్దిమందీ పక్క తలుపులోంచి వెళ్లినవాళ్లు. డాక్టరు గారు మర్నాడే ఆ తలుపుకు తాళం వేయించారు.

మొన్న అమ్మను తీసుకుని నేనూ వెళ్లాను. హజరత్తయ్య హైవే మీద బస్సు దిగి నడుచుకుంటూ వస్తున్నాడు. ఎడమవైపు రబ్బరు కాలు, కుడివైపు సొంత కాలు. చంకకర్రలు లేవు. ముందు పోతున్న ఒకాయన నేరుగా లోపలికి వెళ్లబోతే గదమాయించాడు. "ఏందబ్బయా, కాళ్లు చూపీకుండా యాడికి పోతావుండావు? రా, కూర్చో!"

తన వంతు రాగానే బల్ల మీద దర్జాగా కాలు చాపాడు. రెబెక్కమ్మ నీళ్లు పోస్తుంటే మాలకొండమ్మ మూతి తిప్పింది. "మన పెళ్లిలో గూడా మా నాయన ఇంత మర్యాదగా కడగలా."

"ఆ పొద్దు రెండుండె మే. ఇప్పుడు ఒక్కటే గదా, గిరాకీ!"

రెబెక్కమ్మ వేళ్ల సందులు, మడమ, అరికాలు ఓపికగా చూసింది. ఎక్కడా గీత కూడా లేదు. తువ్వాలుతో తుడిచి లేచింది.

"బంగారంలా ఉండాది. లోపలికి పదండి హజరత్తయ్య గారూ."

ఆయన లేచి, భార్య భుజం పట్టుకోకుండా, కుడికాలు ముందు పెట్టి గడప దాటాడు.